5.51 వెనక పరిగెత్తినవాళ్ళు

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్ గదిలో, ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో కాపీ అయిన సినిమాల మధ్య ఒక చిన్న వీడియో దొరికింది. సూపర్ మారియో బ్రదర్స్ 3 ఆటని ఎవరో పదకొండు నిమిషాల్లో ముగించేస్తున్నారు. ఎక్కడా ఆగడు. ఎక్కడా తడబడడు. తెర తనంతట తాను నెమ్మదిగా జరిగే చోట్ల కూడా ఊరికే ఉండకుండా శత్రువుల తలల మీద గెంతుతూ ప్రాణాలు కూడబెట్టుకుంటుంటాడు. నలుగురం నోరు తెరుచుకుని చూశాం. ఎవరో జపాన్ కుర్రాడు, పుట్టినప్పట్నుంచి ఇదే పని మామా అని తీర్మానించాం.

కొన్నాళ్ళకి తెలిసింది, అది మనం అనుకునే అర్థంలో ఎవరూ ‘ఆడింది’ కాదని. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుని, ఆటని ఒక్కో ఫ్రేమ్ దగ్గర ఆపి, అక్కడ ఏ బటన్ నొక్కాలో తీరిగ్గా ఆలోచించి నొక్కి, బాగోలేకపోతే సేవ్ చేసుకున్న చోటికి వెనక్కెళ్ళి మళ్ళీ చేసి, అలా కుట్టుకుంటూ వచ్చిన పరుగు. దీన్ని టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్ అంటారు, ముద్దుగా టాస్. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: “థూ, మోసం రా ఇది.”

2003 చివర్లో మోరిమొతో అనే పేరుతో ఆ వీడియో బయటికొచ్చినప్పుడు చాలామంది అన్నదీ అదే. ఫైలు చేతులు మారుతూ వెళ్ళింది కానీ, ఎలా తయారైందో చెప్పే మాట దాని వెంట వెళ్ళలేదు. ముందు అద్భుతం అన్నవాళ్ళే తర్వాత దొంగ అన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో బిస్క్విట్ అనే ఫిన్లండ్ ప్రోగ్రామర్ ఇలాంటి వాటికోసమే ఒక సైట్ మొదలుపెట్టాడు. ఇవాళ దాని పేరు టాస్‌వీడియోస్. అక్కడ ప్రతి పరుగు పక్కనా అది పనిముట్లతో చేసిందని రాసి ఉంటుంది. వీడియోలు అవే, చూసే కళ్ళూ అవే, కానీ దొంగతనం అన్న మాట మాయమైంది. పక్కన ఒక వాక్యం చేరింది, అంతే.

ఆ ఒక్క వాక్యానికి అంత బలం ఎక్కడిది అన్నదే నన్ను చాలాకాలంగా తొలిచే ప్రశ్న.

టాస్‌లో ఆటని మార్చరు. అదొక బటన్ల జాబితా. ఫలానా ఫ్రేమ్‌లో ఫలానా బటన్. సెకనుకు సుమారు 60 ఫ్రేములు, పదకొండు నిమిషాలంటే దాదాపు 40,000 నిర్ణయాలు. ఆ జాబితాని అసలు యంత్రానికే వినిపించవచ్చు కూడా. 2014 జనవరిలో ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే చందాల కార్యక్రమంలో టాస్‌బాట్ అనే రోబో, మామూలు సూపర్ నింటెండోకి కంట్రోలర్ తీగల గుండానే బటన్లు పంపి, సూపర్ మారియో వరల్డ్‌ని అక్కడికక్కడే పాంగ్, స్నేక్ ఆటలుగా మార్చేసింది. రెండేళ్ళకి సెత్‌బ్లింగ్ అనే మనిషి అలాంటి పనే చేత్తో చేసి, అదే ఆటలోకి ఫ్లాపీ బర్డ్‌ని ఎక్కించాడు. పనిముట్టు చూపించిన దారినే వేళ్ళు వెళ్ళాయి.

“ఎమ్యులేటర్‌లో ఆడింది లెక్కలోకి రాదు, అసలు యంత్రమే కావాలి” అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఖమ్మంలో మా ఇంటికొచ్చిన వీడియో గేమ్ నాన్న కోఠి గుజరాతీ గల్లీలో కొన్న నకిలీ. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది, లోపల నిజంగా ఉన్నవి ఓ ఇరవై. నింటెండో అన్న పేరు కూడా అప్పుడు వినలేదు. పైగా మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 60 కాదు, 50. దానికి తగ్గట్టు చేసిన డబ్బాలో ఆట ఆరోవంతు నెమ్మదిగా నడుస్తుంది. కాలేజీలో ఎమ్యులేటర్ పెట్టుకుని ఆడినప్పుడు మారియో ఎందుకో బస్సు అందుకోవాలన్నట్టు తొందరపడుతున్నాడనిపించింది. నాకు తెలిసిన ‘అసలు’ మారియో నకిలీవాడు. అసలైనవాణ్ణి ఎమ్యులేటరే పరిచయం చేసింది.

అలాగని యంత్రం పట్టింపు ఉత్తి చాదస్తం అనలేను. డాంకీ కాంగ్ రికార్డుల విషయంలో బిల్లీ మిచెల్ మీద 2018లో జరిగిన గొడవంతా దీని మీదే. ఆయన టేపుల్లో స్టేజీ మారేటప్పుడు ఇనుప దూలాలు తెర మీద ప్రత్యక్షమయ్యే తీరు అసలు ఆర్కేడ్ యంత్రంలోలా లేదని ట్విన్ గెలాక్సీస్ స్కోర్లు తీసేసింది. ఆయన ఒప్పుకోలేదు, కోర్టుకెళ్ళాడు. 2024 జనవరిలో రాజీ కుదిరి, స్కోర్లు పాత చరిత్ర పట్టికలోకి తిరిగొచ్చాయి. ఎవరి వాదన ఏదైనా, ఎమ్యులేటర్ పాపమా అన్నది అక్కడ ప్రశ్న కాదు. టేపు పక్కన రాసిన వాక్యం నిజమా కాదా అన్నదే.

ఈ విషయంలో మనవాళ్ళకి పాత అనుభవమే ఉంది. ఇంట్లో కూర్చుని ఆర్నెల్లు కొట్టివేతలతో పద్యం రాసినవాణ్ణి ఎవరూ మోసగాడనరు. అదే పద్యాన్ని అవధానం వేదిక మీద అప్పటికప్పుడు పుట్టినట్టు చెబితే అంటారు. నిషిద్ధాక్షరి పెట్టింది అందుకేనేమో అనిపిస్తుంది నాకు. అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు అడ్డుపడుతుంటే రాసుకొచ్చిన పద్యం రెండో అక్షరానికే చచ్చిపోతుంది. కానీ ఇక్కడితో ఆగితే, అబద్ధం తప్పు, నిజం ఒప్పు అని తేల్చి ఇంటికెళ్ళిపోయినట్టే. అబద్ధం ఎవరికి తగిలింది? చప్పట్లు కొట్టిన ప్రేక్షకుడికి పెద్దగా పోయిందేమీ లేదు. వాడి ఆనందం వాడికి వచ్చేసింది.

డ్రాగ్‌స్టర్ అని అటారీ 2600లో ఒక ఆట, 1980 నాటిది. ఇంజన్ పేలిపోకుండా గేర్లు మారుస్తూ కారుని గీత దాటించాలి. మొత్తం ఆట ఆరు సెకన్లు. 1982లో టాడ్ రోజర్స్ 5.51 సెకన్లలో దాటించాడని ఆట తయారుచేసిన కంపెనీయే గుర్తించింది, గిన్నిస్ బుక్కూ ఎక్కింది. 2017లో ఎరిక్ కోజీల్ అనే ఇంజనీర్ ఆట కోడ్‌ని విప్పి, దాని లెక్కంతా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి చూశాడు. ఎలా ఆడినా 5.57 కన్నా తగ్గడం లేదు. 2018 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ రోజర్స్ రికార్డులన్నీ తొలగించింది.

నన్ను ఆపేసింది రోజర్స్ కాదు, ఆ మధ్యలోని 35 ఏళ్ళు. 5.57 సాధించినవాడు నిజానికి ఆ ఆటని అంచుదాకా గెలిచినవాడు. దాని తర్వాత ఇంకేమీ లేదు. కానీ పట్టికలో వాడి పైన 5.51 ఉంది. వాడు మళ్ళీ కూర్చుంటాడు. గేర్ ఎక్కడ ఆలస్యమైందో వెతుకుతాడు, తన వేళ్ళని అనుమానిస్తాడు. లేని తలుపు కోసం గోడంతా తడుముతాడు.

డయాబ్లోలోనూ ఇదే. 2009 నాటి 3 నిమిషాల 12 సెకన్ల పరుగుని ఏళ్ళ తరబడి ఎవరూ దాటలేకపోయారు. చివరికి టాస్ చేసేవాళ్ళు కొందరు ఆ ఆట పుట్టించగల నేలమాళిగలన్నీ, కొన్ని వందల కోట్లు, కంప్యూటర్‌తో గాలించారు. ఆ వీడియోలోని అంతస్తులన్నీ ఒకే ఆటలో రావడం అసాధ్యమని చూపించారు. 2025లో రికార్డు పోయింది. తనది ముక్కలు కలిపిన పరుగేనని, ఎప్పుడూ దాచలేదని ఆటగాడు అన్నాడు. ముక్కలుగా ఆడి కలిపే పరుగులకి నిజంగానే వేరే వర్గం ఉంది, అందులో తప్పేం లేదు. కానీ కలపగలిగిన ముక్కలు ఒకే ఆటవి అయి ఉండాలి. తమాషా ఏంటంటే, ఒకప్పుడు మోసం అనిపించుకున్న పనిముట్లే ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నాయి.

ఇదంతా ఇంత శ్రద్ధగా చదవడానికి నాకొక సొంత కారణం ఉంది.

కొన్నేళ్ళ క్రితం పాత కంపెనీలో, క్లయింట్‌కి చూపించడానికి ఒక సెర్చ్ స్క్రీన్ డెమో వీడియో చేశాను. అసలు రిజల్ట్ రావడానికి నాలుగు సెకన్లు పట్టేది, సర్వర్ మూడ్ బాగోకపోతే తొమ్మిది. ముప్పైసార్లు రికార్డ్ చేసి, బాగా వచ్చిన ముక్కలు అతికించి, మధ్యలో ఎదురుచూపులు కత్తిరించేశాను. వీడియోలో సెకనున్నర. క్లయింట్ భలే ఉందన్నాడు. ఇది లైవ్ స్పీడేనా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత వచ్చిన టికెట్‌లో టార్గెట్ దగ్గర ఇలా ఉంది: డెమోలో చూపించినట్టు. ఆ టికెట్ మా టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ కుర్రాడికి వెళ్ళింది. మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చున్నాడు. ఇండెక్సులు మార్చాడు, క్యాష్ పెట్టాడు, నాకర్థం కానివి కూడా ఏవేవో చేశాడు. ఒకరోజు క్యాంటీన్‌లో అడిగాడు, “అన్నా, డెమో రోజు సర్వర్ సెట్టింగ్స్ ఏముండెనే? అవే పెడితే వస్తదేమో.”

“చూసి చెప్తా” అన్నాను.

వాడు చివరికి రెండు సెకన్లకి తెచ్చాడు. ఆ సిస్టమ్‌లో అంతకన్నా తగ్గేది కాదని ఇప్పుడు నాకు దాదాపు నమ్మకం. రిలీజ్ రోజు అందరికీ వెళ్ళిన మెయిల్‌లో వాడే రాశాడు: డెమో వేగాన్ని అందుకోలేకపోయాం, సారీ, ఇంకా ప్రయత్నిస్తాను. ఆ మెయిల్‌కి నేను థమ్సప్ పెట్టాను.

వాడి నంబర్ ఉంది నా దగ్గర. ఇది వచ్చాక లింక్ పంపుదామనుకున్నాను. దానికన్నా ముందే ఫోన్ చెయ్యాలేమో.