భండారపు ధనము, విద్యార్థి సేవ

ప్రభుత్వ ధనముతో జరుగు సేవ నిజముగా సేవ యగునా అను ప్రశ్న మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భండారియైన బసవేశ్వరునిపైననే ఈ నింద పడెను. రాజు సొమ్మును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని కొండెగాండ్రు రాజు చెవిని వేసిరి. భండారము తెఱచి లెక్క చూడగా ఒక్క మాడయు తక్కువ కాలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ఈ కథను మహిమగా తలచి మనము చేతులు జోడింతుము. అయితే ఈ కథలో మహిమతో పాటు లెక్కయు ఉన్నది. దానినే మనము తఱచుగా మఱచిపోవుదుము.

ఈ విషయమును వ్రాయుటకు కారణము మా మేనల్లుడు. అతడు డిగ్రీ చదువుచున్నాడు. దసరా సెలవులకు ముందు వచ్చి, "మామా, కాలేజీవారు ఏడు దినాల సేవా శిబిరానికి రమ్మంటున్నారు. ఇంట్లో చూస్తే వేరుశనగ పీకే పని ఉంది. ఎక్కడికి పోయేది?" అని అడిగెను. నేను పెద్దరికముతో, "సేవయే గొప్పది, శిబిరానికే పో" అంటిని. అతడు కొంతసేపు మాటలాడక, "సేవ చేయడానికీ కాస్త కలిమి ఉండాలి కదా మామా" అనెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

అతడు చెప్పిన శిబిరము జాతీయ సేవా పథకమునకు చెందినది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో అది ప్రారంభమయ్యెను. అంతకు ముందే దేశ్‌ముఖ్ సంఘము విద్యార్థులకు సేవను నిర్బంధము చేయవలెనని సూచించి యుండెను. ఆ సూచన నిలువక, సేవ స్వచ్ఛందముగనే మిగిలెను. అది మంచిదే. నిర్బంధముగా చేయించునది వెట్టి యగును గాని సేవ కానేరదు. రెండు సంవత్సరములలో 240 గంటల పని, ఒక ప్రత్యేక శిబిరము, చివర ఒక ధ్రువపత్రము. ఇదియే దాని క్రమము. శిబిరపు ఖర్చులకు ప్రభుత్వము నిధులిచ్చును. విద్యార్థికి వేతనము లేదు.

వేతనము లేకుండుటయే సేవకు పవిత్రత అని నేనును చిరకాలము నమ్మితిని. 1973లో ఈ పథకమువారు కరవుపై యువజనుల దండయాత్ర అను భావముతో శిబిరములు నడిపినపుడు, కల్యాణదుర్గము ఆవలనున్న ఒక పల్లెలో చెఱువు పూడిక తీయుటకు గంప మోసినవారిలో నేనొకడను. మన జిల్లా దేశమున అతి తక్కువ వాన కురియు జిల్లాలలో ఒకటి. సంవత్సరమంతయు కలిపినను సుమారు 550 మిల్లీమీటర్లే. అట్టిచోట చెఱువు పూడిక తీయుట పుణ్యకార్యము గాక మఱేమని మా ఉత్సాహము. మూడవనాడు ఒక ముసలమ్మ గట్టుమీద నిలిచి, "ఏం నాయనా, దినానికి మీకెంత ఇస్తారు?" అని అడిగెను. ఏమియు తీసికొనమని మేము గర్వముగా చెప్పితిమి. "మీరు ఊరికే చేస్తే మాకు కూలి ఎవరిస్తారు?" అని ఆమె గొణుగుకొనుచు పోయెను. కరవు సంవత్సరమున ఆ పూడిక పనియే ఆమెకు అన్నము. మా త్యాగము ఆమె గంజిలోనుండి పోయినదని నాకు ఆనాడు తట్టలేదు. ఇప్పటికిని ఆ మాట నన్ను వదలలేదు.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లెలోనే గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమునకంతకు ప్రారంభమయ్యెను. ఏటా కుటుంబమునకు నూఱు దినముల పని పొందుట హక్కు అని అది చెప్పెను. ఆ పథకములో కూలి త్రవ్విన గుంటను కొలబద్దతో కొలిచి డబ్బు కట్టిరి. ప్రక్కనే విద్యార్థులు త్రవ్విన గుంటకు కొలత లేదు, వెల లేదు. నాటిన మొక్కకు వేసవిలో నీరెవరు పోసిరను విచారణయు అరుదు. వెల లేనిదానికి లెక్కయు అక్కఱ లేదని మనము అనుకొనుటయే దీనికి మూలమని నా అభిప్రాయము.

శరణులు కాయకమును, దాసోహమును వేఱు చేసి చూపిరి. కాయకము చెమటతో న్యాయముగా సంపాదించుట. దాసోహము ఆ సంపాదన నుండి సమర్పించుట. మొదటిది లేనిచో రెండవదానికి ఆధారమే లేదు. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున రాలిన బియ్యము ఏరి తెచ్చి జంగమ దాసోహము చేసెడివాడు. ఒకనాడు నిత్యము తెచ్చునదానికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని ఇంట చేర్పక, అధికమును మరల అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఆమె బియ్యమును తిరస్కరించలేదు. మితిమీరిన బియ్యమునే తిరస్కరించెను. మనవారు ఈ తేడాను గ్రహింపక, ప్రతిఫలమే దోషమని బోధించుచున్నారు. ఆ బోధ ఉన్నవారి బిడ్డకు సులభము. తండ్రి పంట అప్పులోనున్న బిడ్డకు అది తలుపు మూసివేయును.

ఇతరులు ఈ చిక్కును విప్పజూచిన తీరు గమనింపదగినది. సాతారా ప్రాంతమున కర్మవీర భావూరావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ సంస్థ, పేద పిల్లలు పని చేసి సంపాదించుచు చదువుకొను పద్ధతిని పెంచెను. అమెరికాలో 1964 నాటి చట్టముతో, అవసరములోనున్న కళాశాల విద్యార్థులకు పని ఇచ్చి వేతనములో అధిక భాగమును ప్రభుత్వమే భరించు ఏర్పాటు వచ్చెను. ఆ నిధులలో కనీసము నూటికి ఏడు వంతులు సమాజ సేవా పనుల వేతనములకు వాడవలెనని తరువాత నియమము పెట్టిరి. నూటికి ఏడేనా అని నవ్వు వచ్చును గాని, పేద విద్యార్థి పస్తులుండి సేవ చేయవలెనని వారు కోరలేదు.

వేతనమిచ్చినచో సేవాభావము చచ్చునని ఆక్షేపించువారు కలరు. కొందఱిలో చచ్చును, నిజమే. కాని ధ్రువపత్రము కొఱకు, దానివలన వచ్చు అదనపు మార్కుల కొఱకు శిబిరమునకు వచ్చువాని సేవాభావము బ్రదికి యున్నదా? అదియు ఒక వేతనమే, పొలము పని లేనివానికి మాత్రమే అందు వేతనము. పనికి కూలి ఇచ్చి, కొలిచి, ఊరి కూలీల పని లాగుకొనకుండ జాగ్రత్తపడి, ఆపైన విద్యార్థి తన యిచ్చతో ఇచ్చు గంటను సేవ యనుట నాకు న్యాయముగా తోచుచున్నది.

ప్రభుత్వము ఎప్పుడు మాఱునో తెలియదు. అంతవఱకు మన మఠములు, ఉచిత వసతిగృహములు నడుపు పెద్దలు ఒక పని చేయవచ్చును. శిబిరమునకు పోగోరి, ఇంటి పనిచే ఆగిపోవు విద్యార్థి బదులుగా ఆ ఏడు దినములు చేనిలో ఒక కూలిని పెట్టి, ఆ కూలి డబ్బు తాము భరింపవలెను. అప్పుడు పిల్లవాడు శిబిరమునకు పోవును, కాయ పీకుటయు ఆగదు, ఊరిలో ఒకరికి పని దొరకును. మా మేనల్లుని విషయమున ఈ యోచన నాకు ఆలస్యముగా తట్టెను. అతడు చేనికే పోయెను. ఎంత ఇవ్వవలెనందురా, ఆ ఊరిలో ఆనాడు కాయ పీకుటకు ఎంత కూలి నడచునో అంతయే. అంతకు మించి ఇచ్చినచో లక్కమ్మ ఒప్పుకొనదు.