పెట్టయో పుంజో

కంభము చెరువు క్రింది మాగాణి నొక్కదానిని విడిచినచో, నల్లమల పాదముల నుండి మార్కాపురము పలకల గనుల దాక వ్యాపించిన గిద్దలూరు సీమ యంతయు మెట్టసీమయే. గుండ్లకమ్మయు సగిలేరును వానకారు గడచిన వెనుక నీటికంటె నిసుకనే యెక్కువగా చూపుచుండును గనుక, ఇచ్చట బాతులను పెంచుట కొంత వింతగానే తోచును. అయినను మస్కోవీ బాతు అనబడు జాతికి ఈదుటకు మడుగు వలయునన్న నియమము లేదు. మధ్య దక్షిణామెరికా ఖండముల అడవులలో చెట్టుకొమ్మలపై రాత్రులు గడపుట కలవాటుపడిన యా పక్షి, దొడ్డిలో తొట్టెడు నీళ్ళును, మేయుటకింత పచ్చగడ్డియు, పట్టుకొని తినుటకు నాలుగు ఈగలును దొరకిన చాలునని యెండసీమలలో సయితము సుఖముగా బ్రతుకును.

చిక్కంతయు దాని పిల్లలకడ వచ్చును. పెరిగిన మగబాతు ఆడదానికి దాదాపు రెట్టింపు తూగుచు, కన్నుల చుట్టును ముక్కు మొదటను ఎఱ్ఱని బుడిపెలు దట్టముగా క్రమ్ముకొని, బుసకొట్టుచు తిరుగును. ఆడది చిన్నది, దాని ముఖముపై నెఱుపు కొలది, దాని గొంతు సన్నని కూత. ఇక 35 దినముల పొదుగుడు తీరి గ్రుడ్డు పగులగొట్టుకొని వచ్చిన పిల్లలయందో, ఈ భేదములలో నొక్కటియు కానరాదు. ఇట్టి పిల్లల మందను మేపుచుండిన యొక ముదుసలిని, "అవ్వా, వీటిలో పెట్టలెన్ని, పుంజులెన్ని?" అని యడుగగా, ఆమె "ఇప్పుడే ఏం తెలుస్తాది నాయనా! కాళ్లు లావెక్కనీ, మొగాన ఎరుపు రానీ" అని నూకలు చల్లుకొనుచు పోయినది. ఆమె చెప్పినది పెంపకపు మాట, అందు దోషమేమియు లేదు. నాకు కలిగిన ప్రశ్న మాత్రము వేఱు: ఆ యెఱుపు రాకమునుపు ఆ పిల్ల యేమి? అది పుంజై యుండి మనకు తెలియకున్నదా, లేక తెలియుటకు తగినది దానియందింకను ఏర్పడకయే యున్నదా?

ఈ ప్రశ్న మన దర్శనములకు క్రొత్తది కాదు. కార్యము పుట్టకమునుపే కారణమందు అవ్యక్తముగా నున్నదని సాంఖ్యులును, లేనిదే క్రొత్తగా నుత్పన్నమగునని వైశేషికులును శతాబ్దముల తరబడి వాదించిరి. నువ్వులలో నూనె యున్నందుననే గానుగ దానిని తీయగలిగినదని మొదటివారు. కుండ మట్టిలో ముందే యుండినచో కుమ్మరి పనియేమని రెండవవారు. బాతుపిల్లను మధ్యవర్తిగా నిలిపినచో తీర్పు తొలుత సాంఖ్యుల పక్షముననే యొరగును. ఏలయన పక్షులయందు సంతానము ఆడదగునో మగదగునో నిర్ణయించునది తల్లి అండమే. గ్రుడ్డుపై పెంకు కట్టుటకు చాల మునుపే ఆ నిర్ణయము జరిగిపోవును. మనుష్యులయందు ఇది తలక్రిందు. ఇచట నిర్ణయించునది తండ్రి బీజము. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను విదుషి ఒక పురుగుజాతిని పరిశీలించి, మగదాని బీజములు రెండు తెఱగులుగా నుండుటయే సంతానభేదమునకు హేతువని చూపిన పిమ్మట ఈ విషయము క్రమముగా స్థిరపడినది. అయినను వరుసగా నాడుపిల్లలను కన్నదన్న నెపమున కోడలిని నిందించిన యిండ్లు మన దేశమున నిన్న మొన్నటి దాకను కలవు, నేడును లేకపోలేదు. తల్లినే కారణముగా చెప్పదగిన బాతును ఎవ్వరును నిందింపరు. చెప్పదగని స్త్రీని నిందింతురు. అజ్ఞానమునకు కూడ నొక క్రమముండునేమో యనిపించును.

సంశయమును గూర్చి మన తార్కికులు చెప్పినది ఇచట మిక్కిలి యుపకరించును. ఒకే వస్తువునందు పరస్పర విరుద్ధములైన ధర్మములను తలపోయు జ్ఞానమే సంశయమని, మసక వెలుతురులో కనబడినది మ్రోడో మనుష్యుడో యను నుదాహరణముతో, తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలురకు బోధించెను. సంశయము జ్ఞానభేదమే గాని వస్తుధర్మము కాదనుట యిందలి సారము. మ్రోడు ఎన్నడును తాను మనుష్యుడనా యని సందేహింపదు. అయితే మ్రోడు విషయమున దగ్గఱకు నడచిపోయినను, దీపము తెచ్చినను సంశయము తీరును. బాతుపిల్లను అరచేతిలో నుంచుకొని పట్టపగలు పైపైన చూచినను తీరదు. ఇచ్చట వలసిన వెలుగు కాలమే. కాలమును తొందరపెట్ట జూచినవారు హేత్వాభాసములలో పడుదురు. సామాన్యపు బాతులలో మగదాని తోకమీద రెండు మూడీకలు పైకి ముడుచుకొనియుండుట చూచినవాడు, మస్కోవీ బాతునకు నట్టి యీకలు లేకుండుటను బట్టి "ఇది పెట్టయే" యని నిశ్చయించును. ఈ జాతిలో పుంజునకును ముడియీక యుండదని యెఱుగడు. ఒక జాతియందు సిద్ధించిన వ్యాప్తిని మఱియొక జాతికి తగిలించుట వలన వచ్చిన దోషమిది. పెద్దపిల్ల పుంజు, చిన్నపిల్ల పెట్ట యను లెక్కయు నంతియే: రెండు దినములు ముందు పుట్టినదియు, తిండికడ తోటివానిని త్రోసివేసి మెక్కినదియు పెద్దదిగానే యుండును. రెండు నెలలు నిండునప్పటికి కాళ్ళ లావును దేహభారమును కొంత నమ్మదగినవగును. ముఖమందలి బుడిపెలు స్పష్టపడుటకు మఱికొంత కాలము పట్టును.

సాంఖ్యుల కనుకూలముగా తీర్పు చెప్పితిని గాని, అది పూర్తి తీర్పు కాదు. బీజమున నిర్ణయమైనది వేఱు, దేహమున వ్యక్తమగునది వేఱు. కోడిపెట్టకు పనిచేయు నండకోశము ఎడమ ప్రక్కనే యొకటి యుండును; అది వ్యాధిచేత చెడినప్పుడు ఒక్కొక పెట్టకు తురాయి పెరిగి, అది పుంజువలె కూయుటయు కలదు. మన పల్లెలలో పెట్టకూత అరిష్టమని భయపడి దానిని వెంటనే కోసివేయుట యాచారము. ఆ కోడి చేసిన పాపమేమి? దాని బీజమందు నిర్ణయము మాఱలేదు, చిహ్నము మాత్రము మాఱినది. చిహ్నమును జూచి వస్తువును నిశ్చయింపక తప్పదు గాని, చిహ్నమే వస్తువనుకొన్నచో నిట్టి హత్యలు జరుగును. వైశేషికుల పక్షమునకును కొంత చోటు మిగిలియున్నదనుట కీ కోడియే సాక్షి.

ఇంకను లోనికి పోయినచో, ఆత్మవిచారము ఎదురగును. జీవుడు స్త్రీయు కాడు, పురుషుడును కాడు, ఏ దేహమును గ్రహించునో దానితో కూడుకొని యట్లు వ్యవహరింపబడుననునది శ్వేతాశ్వతరోపనిషత్తు ఆశయము. మహాభారత శాంతిపర్వమున సులభ యను సన్యాసిని, తన్ను స్త్రీయని యాక్షేపించిన జనకునకు చెప్పిన సమాధానమును ఈ త్రోవలోనిదే. మార్కాపురమున చెన్నకేశవుని సేవించు భక్తులు, ఆ హరియే యమృతము పంచుటకు మోహినియయ్యెనని చెప్పుకొనుటలో ఏ వైరుధ్యమును చూడరు. సిద్ధాంతమున మన మింత విశాలురము. అయినను ఆత్మకు స్త్రీపురుషభేదము లేదని పాఠము చెప్పిన పీఠములే వేదాధ్యయనము స్త్రీకి తగదని చాలకాలము శాసించినవి. దేహభేదమును మిథ్యయని త్రోసివేయుటకంటె, అది దేహమునకు సంబంధించినదే యని గుర్తించి, దానిని దేహమునకు తగినంత మేఱకే పాటించుట ధర్మమని నా యభిప్రాయము. బాతు పెట్టయో పుంజో తెలిసినచో గ్రుడ్ల లెక్క తెలియును. అంతకు మించి తెలియునది లేదు.

తెలుసుకొనుట యేలయను ప్రశ్న యింకొకటి కలదు, అది యన్నిటికంటె కఠినము. పుట్టిన దినముననే మలద్వారమును మెల్లగా విప్పి చూచి యాడమగ నిర్ణయించు విద్యను 1920ల దశకమున జపాను శాస్త్రజ్ఞులు కోడిపిల్లల విషయమున శాస్త్రముగా నెలకొల్పిరి. బాతుపిల్లలకు ఆ పరీక్ష యింకను సులభము. అయితే చేయి తిరుగనివాడు చేసిన పిల్లకు గాయమగును. ఆ విద్య పండిన చోట ఫలమేమి? గ్రుడ్లకొఱకు పెంచు కోళ్ళ పరిశ్రమలో మగపిల్లలు నిరుపయోగములని తొలిదినముననే చంపబడుచున్నవి; జర్మనీ దేశము 2022 నుండి ఆ పనిని నిషేధించినది. ఇక మనుష్యులలో వధ్యులు ఆడపిల్లలైరి. గర్భస్థ శిశువు ఆడదో మగదో చెప్పుట నేరమని మన పార్లమెంటు 1994లో చట్టము చేయవలసి వచ్చినది. జ్ఞానము స్వతః పవిత్రమని గీత చదివినవారము నమ్ముదుము. కాని యొక దానిని తెలుసుకొనవద్దని శాసనము పుట్టిన దేశమున, ఆ నమ్మకమునకు ముందుగా తెలుసుకొనువాని యుద్దేశమును పరీక్షింపవలసి యున్నది. నూకలు చల్లిన యా యవ్వకు పుంజులు ఎక్కువైనచో సంతకు పంపు నుద్దేశము లేకపోలేదు. అయినను పిల్ల పిల్లగా నున్నన్నాళ్ళు ఆమె అన్నిటికిని ఒకే చేట నుండి మేత వేసినది. తెలియకపోవుట వలన ఆ పిల్లలకు కలిగిన లాభమిది.

కావున ఈ ప్రాంతమున మస్కోవీ పిల్లలను పెంచ దలచినవారికి నా మనవి: పసిపిల్లలను చూపి "ఇది జోడు" అని యెక్కువ ధర చెప్పువాని మాట నమ్మవలదు. ఒకే పొదుగులోని పిల్లలను అయిదారింటిని కలిపి కొని, ఒకే తీరున మేపి, నాలుగు నెలలు ఓపిక పట్టుడు. నాలుగైదు పెట్టల కొక పుంజు చాలును.