పుస్తకం ఎందుకు మూశావురా?

ఇలా వచ్చి అరుగు మీద కూర్చో నాయనా. కాలేజీలో చేరి రెండు నెలలైనా క్యారేజీ ఒక్కడివే తింటున్నావని మీ అమ్మ బెంగపెట్టుకుంది. మూడొందల మంది ఉన్న చిన్న కాలేజీ, సాయంత్రమైతే అందరూ గ్రౌండులోనే, నాకు ఆటలు రావు, బొమ్మలొకటే వచ్చు, నాకెవరు దొరుకుతారు అంటావు. సరే. మరి వాలీబాల్ ఆడే ఆ కుర్రాడు నీ భుజం మీంచి తొంగిచూసి, "ఇది మన రావిచెట్టే కదూ" అన్నాడన్నావే, అప్పుడు నీ బొమ్మల పుస్తకం ఎందుకు మూశావురా?

ఎగతాళి చేస్తాడనుకున్నావు. పాపం, వాడు చెట్టును గుర్తుపట్టాడు, అంతే.

పెద్ద కాలేజీలో అయితే నీలాంటివాళ్లు పదిమంది ఏదో మూల కనబడతారు. చిన్నచోట అలా కాదు, ఎవరిలో ఏముందో తెలియడానికి రోజులు పడుతుంది. పగలు ల్యాబులో సీసాలు కడిగే అటెండరు రాత్రి బుర్రకథలో డక్కీ వాయిస్తుండొచ్చు. అడిగితేగా తెలిసేది! అందుకే రోజూ ఒకే వేళకి, ఒకే చెట్టు కింద కూర్చో. పుస్తకం తెరిచి పెట్టుకో. ఫోను మాత్రం సంచిలో ఉండనీ, అది చేతిలో ఉంటే నిన్నెవరూ పలకరించరు. రాని క్రికెట్టు వచ్చినట్టు నటించకు. అలాగని "ఆటగాళ్లకి బొమ్మలేం తెలుసు" అని నోరు జారకు. అంత చిన్న కాలేజీలో పొద్దున అన్నమాట సాయంత్రానికి బస్టాండుకి చేరుతుంది. మూడేళ్లూ ఆ బస్సులోనే, వాళ్ల పక్కనే కూర్చోవాలి నువ్వు.

తోడు దొరకడానికి కొద్దిమంది ఉన్నా చాలు, విను. మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి కూల్డ్రే దొర ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో, ఆయన చుట్టూ బొమ్మల పిచ్చి, కవిత్వం పిచ్చి ఉన్న కుర్రాళ్లు కొందరు చేరారు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, దామెర్ల రామారావు. ఎంతమందిరా వాళ్లు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన పెట్టిన బొమ్మల బడిని ఆ తర్వాత మోసింది స్నేహితుడు వరదా వెంకటరత్నం. రామారావు బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. వాటి ముందు నిలబడినప్పుడల్లా నాకు గీసిన చెయ్యితో పాటు, ఆ చెయ్యి ఆగిపోయాక పనిని వదలని స్నేహితుడూ గుర్తొస్తాడు. నీకు పాతికమంది అక్కర్లేదు నాయనా. అలాంటివాడు ఒక్కడు చాలు. ఆ ఒక్కడూ పుస్తకం మూసుకుంటే రాడు.

రేపు వెళ్లి ఆ రావిచెట్టు బొమ్మ పూర్తి చెయ్యి. వాడు మళ్లీ అటువైపు వస్తే చూపించు, కొమ్మ ఎటు వంగిందో వాణ్నే అడుగు. ఇంతకీ ఆ అబ్బాయి పేరేమిటి? అదైనా అడిగావా?