నామసంకీర్తనము – అధికారి విచారము

నల్లమల యంచుననున్న యర్రగొండపాలెము మొదలు మార్కాపురము, గిద్దలూరు వరకుగల పల్లెలలో భజనకు నెలవు రామమందిరము. పగలెల్ల మెట్టచేలలో శ్రమించినవారు రాత్రి దీపము వెలిగించి, హార్మోనియము, మృదంగము, తాళములతో హరినామము పాడుకొందురు. ముందు వరుసలో ఏండ్ల తరబడి పాడుచున్న పెద్దలుందురు. వెనుక వరుసలో నిన్ననే తాళము చేతబట్టిన బాలుడుండును. ఆ బాలుని శ్రుతి కుదరక, తాళము తప్పినదనుకొందము. "నీవు ఊరకుండుము" అని యొక పెద్ద గద్దించినచో, అది ధర్మమగునా?

గద్దించినవాని పక్షమున కొంత న్యాయము లేకపోలేదు. వేదమంత్రమునందు స్వరలోపము అనర్థహేతువు. త్వష్ట ఇంద్రుని సంహరింపగల పుత్రుని గోరి హోమము చేయుచు మంత్రస్వరమును తప్పి పలికెను. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెను. అక్షరము మారలేదు, స్వరము మాత్రమే మారినది. కావున స్వామికి సమర్పించునది నిర్దుష్టముగా నుండవలెనన్న శ్రద్ధ మెచ్చదగినదే.

అయితే మంత్రమునకుగల నియమము నామమునకు లేదు. మరణభయమున "నారాయణా" యని కుమారుని పిలిచిన అజామిళుని శ్రుతిని ఎవ్వరు పరీక్షించిరి? ఆర్తితో పలికిన నోరెల్ల నామమునకు అధికారియే.

నియమము లేదని నిర్లక్ష్యము తగునా? తగదు. ప్రహ్లాదుడు నవవిధభక్తులను చెప్పునపుడు శ్రవణమును ముందుంచి, కీర్తనమును పిదప నుంచెను. క్రొత్తవాని కర్తవ్యము ఆ వరుసయందే యున్నది. ముందు వినవలెను, పిదప పల్లవి నందుకొనవలెను. పెద్దల కర్తవ్యము అందరి గొంతుకు అందునట్లు శ్రుతిని దించి, కాలమును నెమ్మదింపజేయుట. ఘనరాగపంచరత్నముల వంటి ప్రౌఢకృతులను రచించిన త్యాగరాజస్వామియే (1767–1847) భజనగోష్ఠులకు అనువగు దివ్యనామకీర్తనలను, ఉత్సవసంప్రదాయకీర్తనలను గూడ రచించెను. దివ్యనామకీర్తనలలో సాధారణముగా చరణములన్నియు ఒకే వరుసలో నడచును. మొదటి చరణము విన్నవాడు రెండవదానికి గొంతు కలుపగలడు. అంతటి విద్వాంసుడు సామాన్యుని యందుబాటునకు వచ్చినందున ఆయన విద్యకు కొరత యేమి కలిగినది?

నేడు మందిరములకు మైకులు వచ్చినవి. మైకు ఒక్కని గొంతును పెంచి తక్కినవారి గొంతులను మ్రింగినచో, గోష్ఠి కాస్త కచేరీ యగును. చక్కగా పాడగలవాడు ప్రక్కవాని గొంతు తనకు వినబడునంతగా తన గొంతును తగ్గించుకొనుటయు కైంకర్యమే.

ధనుర్మాసమున వైష్ణవగృహములందు అనుసంధించు తిరుప్పావైలో, గోదాదేవి ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు పదిమంది గోపికలను మేల్కొల్పును. తెల్లవారుచున్నది, వ్రతమునకు వేళ మించుచున్నది. తానొక్కతెయే ముందు పోవచ్చును గదా! పోలేదు. ప్రతి వాకిటను నిలిచి పిలిచినది. భగవదనుభవమును ఒంటరిగా అనుభవింపరాదని పెద్దలు దీనికి తాత్పర్యము చెప్పుదురు.

గద్దింపబడిన బాలుడు మరునాడు మందిరమునకు రాకపోవచ్చును. వాని తాళము నెలనాళ్ళలో సరియగును. సిగ్గుతో మూసుకొన్న నోరు జన్మమంతయు తెరువకపోవచ్చును. ఒక జీవుని నోట నామమును నిలిపివేసిన దోషము శ్రుతి తప్పిన దోషముకంటె ఎంతయో పెద్దది. కావున పెద్దలు కొంచెము జరిగి, బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాని చేతిని పట్టి తాళము వేయించుట మేలు. ఆ రాత్రి పాట కొంత తడబడినను, స్వామి ఆలకించును.