రెండు విధులు

మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పొగ చిమ్మిన సాయంత్రం నా దగ్గర పదకొండు మంది పిల్లలున్నారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండో అంతస్తు, రెండు పడగ్గదుల ఇల్లు మాది. బడి బస్సు మూడున్నరకి వీధి మొదట్లో దించుతుంది. అమ్మో నాన్నో ఆఫీసు నుంచి వచ్చి ఏడింటికి తీసుకెళ్లేదాకా వాళ్లు నా దగ్గరే. ఉప్మానో అటుకులో పెడతాను, హోంవర్కు చేయిస్తాను, వేమన పద్యం ఒకటి చెప్పిస్తాను. ముప్ఫై ఒక్కేళ్లు తెలుగు పండితురాలిగా చేసి రిటైరైనదాన్ని. పిల్లలు మాత్రం అమ్మమ్మా అనే పిలుస్తారు.

ఆ రోజు కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. గుమ్మం పక్కన స్టాండు మీదున్న బ్యాటరీ నుంచి ముందు కుళ్లిన గుడ్డు వాసన, ఆ వెనకే పొగ. ఇంటికి ఉన్నది ఒకటే తలుపు. బాల్కనీకి దొంగల భయంతో పెట్టించిన ఇనప గ్రిల్, దానికి తాళం, తాళంచెవి మావారి బీరువా సొరుగులో. పిల్లల్ని ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని ఆ పొగ పక్కనుంచే మెట్ల మీదకి దాటించాను. కింద నిలబెట్టి లెక్కపెడితే పది మందే ఉన్నారు. మళ్లీ పైకి పరుగెత్తి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మంచాల కింద కూడా వెతికాను. పదకొండోవాణ్ణి పావుగంట ముందే వాళ్ల బాబాయి తీసుకెళ్లాడట. ఆ మాట మావారితో చెప్పాడట. మావారు నాతో చెప్పడం మరిచిపోయారట.

ఎవరికీ ఏమీ కాలేదు. తల్లులు వచ్చి “దేవుడు కాపాడాడు అమ్మమ్మగారూ” అన్నారు. పైఅంతస్తు శాస్త్రిగారు దిగివచ్చి, పిల్లల్ని చూసి తృప్తిపడి, “ఆయుష్షు గట్టిది. ఏదైనా జరిగి ఉంటే మాత్రం మీరేం చేస్తారమ్మా, విధి” అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు, ఆయన మనసు నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాటరీని గుమ్మం పక్కన పెట్టించింది దేవుడు కాదు, నేను. వైరు పొట్టిదని అక్కడ పెట్టించాను.

భాషాప్రవీణ చదివిన పాపం ఊరికే పోదు. విధి అన్న మాటను పట్టుకుని చాలా రోజులు తిరిగాను. తెలుగులో అది రెండు పనులు చేస్తుంది. ఒకటి తలరాత, మన చేతిలో లేనిది. రెండోది చేసి తీరవలసిన పని: విధుల్లో చేరాడు, విధివిధానాలు ప్రకటించారు అంటామే, అది. మీమాంసకుల దగ్గర విధి అంటే ఈ రెండోదే. ‘ఇది చెయ్యి’ అని చెప్పే వేదవాక్యం విధి, ‘చెయ్యకు’ అనేది నిషేధం. పొగడ్తగానో తెగడ్తగానో ఉండే వాక్యం అర్థవాదం. అర్థవాదానికి తనంతట తనకు ప్రామాణ్యం లేదనీ, ఏదో ఒక విధితో కలిసినప్పుడే దానికి పనికొచ్చే అర్థం వస్తుందనీ వాళ్ల వాదం. పిల్లలు దేవుడితో సమానమని మనం రోజుకు పదిసార్లు అంటాం. చక్కటి అర్థవాదం. దాని వెనక విధి ఏదని వెతికితే నాకు మా ఇంట్లో ఒక్కటీ దొరకలేదు.

ఇంకొకరి సొమ్మును నమ్మకం మీద దాచిపెట్టడాన్ని ధర్మశాస్త్రాలు నిక్షేపం అన్నాయి. మనుస్మృతిలో పద్దెనిమిది వ్యవహారపదాలు, అంటే తగాదా రకాలు, ఉన్నాయి. అప్పుల తగాదా మొదటిదైతే నిక్షేపం రెండోది. (ఆడవాళ్ల గురించి రాసిన మాటల వల్ల మనువుకీ నాకూ ఎప్పటినుంచో పడదు. అయినా ఈ అధ్యాయం వరకు ఆయన చెప్పేది వింటాను.) మంచి వంశం, మంచి నడవడి, సత్యం, ధర్మజ్ఞానం, బంధుబలగం, కలిమి ఉన్నవాడి దగ్గరే దాచుకోమన్నాడు. మా కాలనీ తల్లిదండ్రులు నన్ను ఎంచుకున్నదీ సరిగ్గా ఇలాగే: రిటైర్డ్ టీచరమ్మ, పూజాపునస్కారాలున్న ఇల్లు, పెద్దమనిషి మొగుడు. కానీ మనువు అక్కడితో ఊరుకోలేదు. తగాదా వచ్చి సాక్షులు లేకపోతే, వయసూ రూపమూ తగినట్టున్న చారుల్ని పంపి, ఆ మనిషి దగ్గరే బంగారం దాపెట్టించి, తిరిగి అడిగించి చూడమన్నాడు. అన్ని సద్గుణాలున్నవాణ్ణి ఎంచుకున్న తర్వాత కూడా పరీక్ష ఉందన్నమాట. ఇప్పుడు ఆకస్మిక తనిఖీ అంటే మనకు పరువు తక్కువ అనిపిస్తుంది గానీ, అది కొత్తగా పుట్టింది కాదు.

యాజ్ఞవల్క్యుడు ఇంకో రకం చెప్పాడు. లోపల ఏముందో చెప్పకుండా పెట్టెలో పెట్టి అప్పగించినది ఔపనిధికం. ఎలా ఇచ్చారో అలాగే తిరిగివ్వాలి. ఆయన స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరనే కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయంగా తెలుగులో పెట్టాడు. నాకు ఏడేళ్ల పిల్లను చూస్తే ఆ పెట్టే గుర్తొస్తుంది. లోపల ఏముందో కన్నవాళ్లకే పూర్తిగా తెలియదు, నాకేం చెప్పి అప్పగిస్తారు? బంగారంతో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. బంగారం సాయంత్రానికి మారదు. పిల్ల మూడు గంటల్లో ఒక బూతుమాట నేర్చుకుంటుంది, ఒక భయం నేర్చుకుంటుంది, మూడు అంకెల తీసివేత నేర్చుకుంటుంది. ఇచ్చినట్టే తిరిగివ్వడం ఎవరివల్లా కాదు.

నన్ను అన్నిటికంటే కలతపెట్టింది ఈ స్మృతులిచ్చిన మినహాయింపు. దొంగలు ఎత్తుకుపోయినా, నీళ్లలో కొట్టుకుపోయినా, అగ్నికి కాలిపోయినా, తాను అందులోంచి ఏమీ తీసుకోకపోతే దాచినవాడు బాధ్యుడు కాడు. రాజువల్ల పోయినా దైవంవల్ల పోయినా అంతే. దొంగ, నీరు, నిప్పు, దైవం అన్నీ ఒకే గాటన. సొమ్ము విషయంలో అది న్యాయమే కావచ్చు. శాస్త్రిగారు నాకు ఇవ్వబోయిన క్షమ కూడా ఇదే.

2004 జులై 16న కుంభకోణంలో బడి వంటపాకలో పుట్టిన నిప్పు ఆకుల పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. 2019 మే 24న సూరత్‌లో ఓ వాణిజ్య భవనం పైఅంతస్తులోని కోచింగ్ తరగతుల్లో 22 మంది విద్యార్థులు పోయారు. కొందరు మంటలకు తాళలేక కిటికీల్లోంచి దూకారు. కుంభకోణం కేసు తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటికీ అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలని ఆదేశించింది. నిప్పు దైవమే కావచ్చు, మనం అగ్నిదేవుడని మొక్కుతాం కూడా. ఆకుల కప్పు దైవం కాదు. నా గ్రిల్ తాళం అసలే కాదు. ఒక విధి పెట్టగలిగిన చోట పెట్టకుండా, పోయాక తలరాత అనే విధి మీదకు నెట్టడం నాకు అపచారంగా తోస్తోంది. దేవుడి మీద వేసే అపనింద అది.

ఇంతకీ నాలాంటి ఇంటికి ప్రభుత్వం ఏం విధిస్తుందో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి వెళ్లాను. ఇది బడా? కాదు. ట్యూషనా? హోంవర్కు వరకే. క్రెష్షా? ఆరేళ్లు దాటినవాళ్లమ్మా అన్నాను. “అయితే ఏ పర్మిషనూ అక్కర్లేదు, హాయిగా నడుపుకోండి” అని కుర్చీ కూడా వెయ్యకుండా పంపేశారు. ఆ తర్వాత కూర్చుని చదువుకున్నాను. కేంద్ర పథకం మిషన్ శక్తి కింద ఉన్న పాల్నా క్రెష్‌లు ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లది, కానీ దాని చెయ్యి బడి గేటు దాకానే. 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ అనాథలు, నిరాశ్రయులు వంటి పిల్లల గృహాలకు. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాలు యాభై మంది దాటితేనే వర్తిస్తాయి, పదహారేళ్లలోపు వాళ్లను చేర్చుకోవద్దని కూడా అన్నాయి. మూడున్నర నుంచి ఏడింటి దాకా మా పదకొండు మంది ఏ కాగితంలోనూ లేరు.

శాస్త్రిగారితో వాదించాను. ఆయన తెలివైన మాటే అన్నారు: “సర్కారు విధి పెడితే మీరు పాటిస్తారు. అవతలి వీధిలో ఒక్క గదిలో నలుగురు పిల్లల్ని చూసుకునే ఆ టైలరమ్మ ఏం చేస్తుంది? లైసెన్సు అంటే మూసేస్తుంది, పిల్లలు రోడ్డు మీద పడతారు.” నిజమే. విదేశాల్లోలా గజాల లెక్కా డిగ్రీల లెక్కా మొదట్లోనే పెడితే మిగిలేది పెద్ద ఫీజులు తీసుకునే ఏసీ సెంటర్లే. అందుకే నేనడిగేది చిన్నది: పేరు నమోదు, తాళం లేని దారి, ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రాసే పుస్తకం, గోడ మీద బాలల హెల్ప్‌లైన్ 1098 నంబరు, చెప్పకుండా వచ్చి చూసే ఒక మనిషి. వీటిలో టైలరమ్మకి ఖర్చయ్యేది ఏదీ లేదు.

పుస్తకం పెట్టిన మొదటివారం ఒక తల్లి నొచ్చుకుంది. “సంతకాలేంటి అమ్మమ్మగారూ, మిమ్మల్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?” ఆ అమ్మాయికి పొగలో లెక్క తప్పిన సంగతి చెప్పాను. సంతకం పెట్టింది.

కష్టమైంది ఇంకోటి. తలుపు వేసి ఉన్న గదిలో ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదని రాసి గోడకు అంటించాను. పిల్లలకి జరగరానిది జరిగిందని తెలిసీ చెప్పకపోతే 2012 పోక్సో చట్టం ప్రకారం శిక్ష ఉంది, కానీ జరగకముందు మాటేమిటి? మావారు ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. చదరంగం నేర్పడానికి ఒక్కో పిల్లవాణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టుకుంటారాయన. రాత్రి అన్నాల దగ్గర అడిగారు. “నన్ను కూడానా?” నలభై ఏళ్ల కాపురంలో ఆ ముఖం చూడలేదు నేను. “మిమ్మల్ని కూడా. నన్ను కూడా” అన్నాను. ఆయన మంచితనం నాకు తెలుసు, పిల్లల కన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? మంచివాడికి మినహాయింపు ఇస్తే, ఆ సందులోంచే రెండోవాడు మంచివాడి ముఖం పెట్టుకుని దూరతాడు. రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోరోజు చదరంగం బల్లను తనే హాల్లోకి మోసుకొచ్చారు.

బ్యాటరీ ఇప్పుడు వంటింటి అవతల, గాలి ఆడే వరండాలో ఉంది. పొడుగు వైరుకి ఎలక్ట్రీషియన్ ఎనిమిది వందలు తీసుకున్నాడు. గ్రిల్‌కి తాళం తీసేసి గడియ పెట్టించాను. తనిఖీకి వచ్చే మనిషి మాత్రం ఇంకా లేడు. అది నేను పెట్టుకోగలిగింది కాదు.

మీ పిల్లలు బడి తర్వాత ఎక్కడుంటారో అక్కడికి రేపు అరగంట ముందు, ఫోను చెయ్యకుండా వెళ్లండి. మా ఇంటికైనా సరే.