విశ్వాసం, గృహం, పత్రిక

సాయంకాలపు జపమాల ముగిసింది, పిల్లలు నిద్రించారు. కేరళలోని ఒక కతోలిక గృహిణి కొంత తీరిక చేసుకొని, తన మతానికి చెందిన కుటుంబ పత్రికను తెరిచిందనుకుందాం. ఆమె అందులో ఏమి వెదుకుతుంది? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చు. కాని దీని వెనుక చిరకాలంగా మనుషులను వేధిస్తున్న ధర్మసందేహం ఒకటి ఉన్నది. కష్టంలో ఉన్నవారికి మనం ఇవ్వవలసింది ఓదార్పా, సత్యమా? ఒకదానికోసం రెండవదాన్ని మరుగుపరచడం ధర్మమేనా?

ఇటువంటి రచనలు మన దేశపు కతోలికులకు కొత్త కావు. బొంబాయిలో వారి వారపత్రిక 'ఎగ్జామినర్' 1850లో పుట్టింది. కేరళలో కురియాకోస్ ఏలియాస్ చావరా అనే గురువు 1846లోనే మన్నానంలో ముద్రణాలయం నెలకొల్పారు. కుటుంబం ఎలా నడుచుకోవాలో, బిడ్డలను ఎలా పెంచాలో తెలుపుతూ 1868లో ఆయన తన స్వగ్రామమైన కైనకరి ప్రజలకు ఒక లేఖ రాశారు. ఒక మంచి తండ్రి తన సంతానానికి విడిచిపోయే మరణశాసనం వంటిది ఆ లేఖ. అదే మన్నానం నుంచి 1887లో 'నస్రాణి దీపిక' వెలువడింది. చావరాను 2014లో పోపు పునీతునిగా ప్రకటించారు.

ఈ సంప్రదాయంలో మాట్లాడేవాడు తండ్రి; వినేది కుటుంబం. దీనివల్ల కలిగిన మేలు తక్కువది కాదు. పండుగల క్రమం, పునీతుల చరిత్రలు, బిడ్డకు మొదటి ప్రార్థన నేర్పే విధానం, ఇవన్నీ అక్షరరూపంలో వంటింటిదాకా వచ్చాయి. రోజంతా చేసిన చాకిరీకి ఒక అర్థమున్నదనే నమ్మకాన్ని గృహిణి ఈనాటికీ ఆ పుటలలో వెదుకుతుంది. ఆ కోరికను తేలికగా చూడరాదు.

అయితే 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని ఒక గృహస్థ దేవాలయంగా భావించింది. ఇల్లే దేవాలయమైతే, అందులో నిత్యం దీపం నిలిపే స్త్రీ కేవలం శ్రోతగా ఉండిపోవడం ఎట్లా? వినడంతోపాటు అడిగే అధికారం కూడా ఆమెకు ఉండవలసిందే.

ఆమె అడగగల ప్రశ్నకు ఒక ఉదాహరణ చూద్దాం. భారతదేశంలో పునీతురాలిగా ప్రకటితమైన మొదటి స్త్రీ అల్ఫోన్సా. ఆమె 1910లో జన్మించి 1946లో మరణించింది. 2008లో ఆమెకు ఆ గౌరవం దక్కింది. పెద్దలు తలపెట్టిన వివాహాన్ని తప్పించుకోవడానికి 1923లో ఆమె రగులుతున్న ఊక గుంటలో పాదాలు కాల్చుకున్నది. భక్తిపత్రిక ఈ కథను సహనానికీ, దైవప్రేమకూ నిదర్శనంగా చెబుతుంది. అది తప్పు కాదు. కాని కూతురిని కన్న తల్లి అదే కథ చదివినప్పుడు ఆమె మనసులో మరొక ప్రశ్న లేస్తుంది: పదమూడేళ్లయినా సరిగా నిండని పిల్ల 'వద్దు' అని చెప్పడానికి నిప్పు ఎందుకు కావలసి వచ్చింది? ఈ ప్రశ్న వేసినంతమాత్రాన పునీతురాలి మహిమ తగ్గదు. ప్రశ్నను దాచిపెడితే మాత్రం ఆ తల్లికి అన్యాయం జరుగుతుంది.

రెండవ ఉదాహరణ ఆస్తికి సంబంధించినది. తిరువాన్కూరు క్రైస్తవుల వారసత్వ చట్టం 1916లో వచ్చింది. వీలునామా రాయకుండా తండ్రి మరణిస్తే, కుమారుని భాగంలో నాలుగోవంతు గాని, అయిదువేల రూపాయలు గాని, ఏది తక్కువైతే అదే కుమార్తెకు చెందుతుందని ఆ చట్టం విధించింది. సిరియన్ క్రైస్తవ మహిళ మేరీ రాయ్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పి, కుమార్తెలకు సమాన భాగాన్ని ఇచ్చే 1925నాటి భారత వారసత్వ చట్టమే అక్కడ వర్తిస్తుందని నిర్ణయించింది. ఇప్పుడు తన భాగం అడగదలచిన కుమార్తె ఒకతె ఉన్నదనుకోండి. 'అన్నదమ్ముల ప్రేమను పొలం గట్టుకోసం తెంచుకుంటావా?' అని ఇంటివారు ఆమెను నిలదీస్తారు. కుటుంబ ఐక్యాన్ని గురించి ప్రతి సంచికలోనూ రాసే పత్రిక ఈ విషయంలో మౌనం వహిస్తే, ఆ మౌనం తటస్థమని చెప్పగలమా? భూమి ఎవరి చేతిలో ఉన్నదో వారి పక్షానే అది నిలుస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. 'అలసిన స్త్రీ విశ్రాంతి కోరి పత్రిక తెరుస్తుంది. అక్కడ కూడా వివాదాలేనా? ఇల్లు న్యాయస్థానం కారాదు' అంటారు. ఈ మాటలో దయ ఉన్నది, నిజమూ ఉన్నది. కాని పత్రికలో ప్రతి ఇల్లూ వెలుగుతూ, ప్రతి భర్తా శాంతమూర్తిగా కనిపించినప్పుడు, అటువంటి ఇల్లు లేని స్త్రీ ఆ లోపమంతా తనదేనని కుమిలిపోతుంది. ఆమెకోసం ఉద్దేశించిన ఓదార్పే ఆమెకు శిక్షగా మారుతుంది. కతోలిక సంప్రదాయమే దీనికి వేరొక మార్గం చూపుతున్నది. పాపసంకీర్తనంలో జరిగినది పలికిన తరువాతనే క్షమ లభిస్తుంది. సువార్తలో బావి దగ్గరికి వచ్చిన సమరియ స్త్రీతో యేసు ఆమె జీవితాన్ని ఉన్నది ఉన్నట్లుగా చెప్పాడు. ఆమె అవమానపడి ముఖం దాచుకోలేదు. కుండ అక్కడే విడిచి, ఊరిలోనికి వెళ్లి నలుగురికీ ఆ మాట చెప్పింది. నిజం కరుణతో పలికినప్పుడు అదే ఓదార్పు కాగలదు.

భారత కతోలిక పీఠాధిపతుల సభ 2010లో స్త్రీపురుష సమానత్వాన్ని కోరుతూ ఒక విధానపత్రం ప్రకటించింది. అటువంటి పత్రాలు గ్రంథాలయాల అరలు దాటి వంటింటిదాకా నడిచి రావాలంటే వాటికి కుటుంబ పత్రికకన్నా దగ్గర దారి లేదు.

కనుక ఆ గృహిణి కోరేది రెండింటిలో ఒకటి కాదని నా విశ్వాసం. ప్రార్థన కావాలి, బిడ్డకు చెప్పడానికి కథ కావాలి, తన ఇంటిలో జరుగుతున్నదానికి సరియైన పేరు కూడా కావాలి. ఈ మూడవదాన్ని ఇవ్వడానికి సంపాదకునికి ధైర్యం అవసరం. అంతకన్నా ముందు, చదువరి సత్యాన్ని భరించగలదనే గౌరవం అవసరం. ఇది ఒక మతానికి మాత్రమే చెందిన విషయం కాదు. స్త్రీలకోసమని మన భాషలలో పత్రిక నడిపే ప్రతివారూ తమ పుటలను ఒకసారి ఈ దృష్టితో తిరగవేసి చూసుకోవలసి ఉన్నది.