జీతమును ఋణమును

జీతము పుచ్చుకొని పనిచేసినవారికి మనము ఋణపడియుందుమా? ఈ ప్రశ్న నా మిత్రుడొకడు వేసెను. అతడు న్యాయవాది, లోకములోని ప్రతి సంబంధమును ఒడంబడికగానే చూచును. "ఆసుపత్రికి నీవు సొమ్ము చెల్లించితివి. వారు నర్సునకు జీతమిచ్చిరి. ఆమె తన పని చేసెను. ఇక మిగిలిన బాకీ యేది?" అని యతని వాదము. లెక్క సరిగానే యున్నది. అయినను, జబ్బుపడిన బిడ్డను బ్రతికించుకొని యింటికి తెచ్చుకొన్న తలిదండ్రులలో ఈ లెక్కతో తృప్తిపడినవారిని నేనింతవరకు చూడలేదు.

జీతము దేనికిత్తుమో మొదట విచారింపవలయును. కిందటి వర్షాకాలమున ఆరేండ్ల మా అమ్మాయికి డెంగ్యూ జ్వరము రాగా పిల్లల ఆసుపత్రిలో చేర్చితిమి. సెలైను పెట్టుటకు సూది గుచ్చవలసివచ్చినప్పుడు, చుట్టునున్న బంధువులు "ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టే" అని యూరడించుచుండిరి. నర్సు మాత్రము మంచము ప్రక్కకు వంగి, "నొప్పి పుడుతుంది తల్లీ. పది లెక్కపెట్టేలోపల అయిపోతుంది. నువ్వే లెక్కపెట్టు" అనెను. పిల్ల యేడ్చుచునే లెక్కించెను. ఏడు దగ్గర పని ముగిసెను. అది మొదలు ఆ పిల్ల ఆమె మాటనెల్ల నమ్మెను. ఎవరిచ్చినను ఉమిసివేయు మందును ఆమె చేతినుండి త్రాగెను. పసివారితో అబద్ధమాడుట దయ యని మనవారి నమ్మకము. రెండవమారు సూది కనబడినప్పుడు గాని ఆ దయ వెల యెంతో తెలియదు.

అయిదవనాడు జ్వరము దిగెను. ఇంటిల్లిపాదికిని పండుగ, ఆమెకు మాత్రము ఆనాడే పని హెచ్చెను. డెంగ్యూలో జ్వరము తగ్గు సమయముననే రక్తనాళములనుండి ద్రవము వెలుపలికి స్రవించి, నాడి బలహీనమై, బిడ్డ ప్రాణాపాయమున పడవచ్చును. కావున ఆ రాత్రి ఆమె గంటగంటకు వచ్చి నాడి చూచుచు, రక్తపు పోటు కొలుచుచు, మూత్రమెంత వచ్చెనో వ్రాసికొనుచు, పాదములు చల్లబడుచున్నవేమోయని తాకి చూచుచుండెను. రోగిని కనిపెట్టి చూచుట యనుదానికి ఫ్లోరెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన తన గ్రంథమున ప్రత్యేకముగా నొక ప్రకరణము వ్రాసినది. మెత్తని మాట యొక్కటే దయ యనుకొనువారు ఆ రాత్రి ఆ వార్డులో నుండవలసినది. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. నిద్రించు పిల్ల యులికిపడకుండుటకై, పాదము తాకుటకు ముందు ఆమె తన యరచేతులను రుద్దుకొని వెచ్చజేసికొనుచుండెను. నాడి చూచుట జీతములోనిది. చేతులు వెచ్చజేసికొనుట యే పద్దులోనిదో నా మిత్రుడు చెప్పలేకపోయెను.

ఇంటికి వచ్చునాడు నా భార్య పసుపు కుంకుమలతో చీర యియ్యబోయెను. ఆమె కుంకుమ మాత్రము పెట్టుకొని, "చీర వద్దమ్మా. రాత్రిపూట ఈ వార్డులో ఇరవైనలుగురు పిల్లలకి నేనొక్కదాన్నే. ఆ సంగతి పైవాళ్లకి ఒక ఉత్తరం రాయించండి, చాలు" అనెను.

ఇరువదినలుగురిని గంటకొకమారు చూడవలెనన్న ఒక్కొక్కరికి రెండున్నర నిమిషములు! అందులోనే అరచేతులు వెచ్చజేసికొనుటయు!

ఇట్టివారిని మనము వెంటనే "దేవత" యందుము. ఆ మాటలో మనకెంత సౌకర్యమున్నది! దేవతకు నిద్ర యక్కరలేదు, ఇంటియద్దె లేదు, నడుము నొప్పి లేదు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతములను విచారింప సుప్రీముకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోబడిన చిన్న ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదని 2016లో సిఫారసు చేసినది. సిఫారసు శాసనము కాదు గదా. ఇక ఆ దేవతయే పెండ్లి సంబంధముగా వచ్చినప్పుడు, "రాత్రి డ్యూటీల పిల్ల" యని పెదవి విరుచు చదువుకొన్న కుటుంబములు నేటికిని గలవు. వారిలో ఎందరి పిల్లలు ఇట్టి చేతులలో కోలుకొన్నారో!

నా మిత్రుడు చెప్పినట్లు దయకు వెల కట్టరాదు, నిజమే. కాని దయ చూపుటకు తీరిక కావలెను, తీరికకు వెల గలదు. రాత్రికి మరియొక నర్సును నియమించిన ఆ వెల చెల్లును. దానిని అడుగవలసినవారము బిడ్డలను ఇంటికి తెచ్చుకొన్న మనమే. ఆమె యడిగిన, పని తప్పించుకొనుటకే యడిగినదని యందురు.

ఆమెకు మాట రాకుండ, పేరు చెప్పకయే, ఆసుపత్రి యాజమాన్యమునకు జాబు వ్రాసితిని. రెండు నెలలైనను ప్రత్యుత్తరము లేదు. అదే వార్డునుండి బిడ్డలను తెచ్చుకొన్న మరి నాలుగు కుటుంబములవారి సంతకములతో రెండవ జాబు సిద్ధమగుచున్నది. దానిని వ్రాయుచున్నవాడు ఆ న్యాయవాది మిత్రుడే. అతడు ఫీజు మాట యెత్తలేదు.